నెకర్ ఒడ్డు, నాలా ఒడ్డు



ఈసారి మిమ్మల్ని కాస్త దూరం తీసుకెళ్తాను. కంగారు పడకండి, మగ్రిబ్ వేళకు మళ్లీ చిక్కడపల్లికే తెచ్చి దింపుతాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నేనూ, బేగమూ, మా అమ్మాయీ జర్మనీలో ఐదు రోజులు ఉండి వచ్చాం. మా చెల్లెలి కొడుకుకి మాన్‌హైమ్‌లో నౌకరీ. "మామూ, ఒక్కసారి రండి" అని మూడేళ్లుగా వాడి పోరు. వాడుండే ఊరి నుంచి రైలెక్కితే పావుగంట, ఇరవై నిమిషాల్లో హైడెల్‌బర్గ్. ఐదు రోజుల్లో నాలుగు రోజులు నేను అక్కడే తిరిగాను. తిరిగొచ్చాక బంధువులు ఒకటే సవాల్: "అంత ఖర్చు పెట్టి పోయి బెర్లిన్ చూడకుండా, మ్యూనిక్ చూడకుండా, ఆ చిన్న ఊళ్లో ఏం చేశావ్?" ఆరాం చేశాను అని జవాబు చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఊరి మధ్య నుంచి పారే నది పేరు నెకర్. ఆ పేరు నేను మొదట విన్నది భూగోళం పుస్తకంలో కాదు, మా మర్హూమ్ అబ్బా నోట.

అబ్బా కాతిబ్. ఉర్దూ అఖ్బార్లలో కితాబత్ చేసేవారు. కంప్యూటర్లు రాకముందు ఉర్దూ పేపర్ అంటే మొత్తం చేతిరాతే కదా. సరుకండ కలం చెక్కుకుని, పసుపు రంగు కాగితం మీద నస్తాలీఖ్‌లో వార్తలు దించేవారు. 1994 తర్వాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది, కాతిబుల కలాలు ఒక్కొక్కటే పక్కకు పోయాయి. ఆ తర్వాత అబ్బా పెళ్లి రుఖాలు, దుకాణాల బోర్డులు రాసి ఇల్లు నడిపారు. మేం అప్పుడు అశోక్ నగర్‌లో, హుస్సేన్ సాగర్ నాలాకు దగ్గర్లో, కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. సాయంత్రం మెట్ల మీద కూర్చుని అబ్బా 'బాంగ్-ఎ-దరా' తెరిచేవారు. అందులో ఆయనకు బాగా పసంద్ అయిన నజ్మ్ 'ఏక్ షామ్'. దాని కింద చిన్న అక్షరాల్లో, దరియా-ఎ-నెకర్ ఒడ్డున రాసినట్టు ఉంటుంది. ఎదురుగా నాలా కంపు కొడుతూ ఉండేది. అబ్బా మాత్రం కళ్లు మూసుకుని నెకర్ ఒడ్డున కూర్చునేవారు.

మా ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ ఆ పేరు చదివితే క్లాసంతా నవ్వేది. ఎందుకంటే ఉర్దూలో 'నెకర్' అని రాస్తే పిల్లలు తొడుక్కునే నిక్కర్ కూడా అదే స్పెల్లింగు. "నిక్కర్ నది ఒడ్డున ఇక్బాల్ సాబ్ ఏం చేశారు సార్?" అని అడిగిన ఒక దోస్త్ బెంచీ ఎక్కి నిలబడ్డాడు.

ఆరాం చేయడానికి వచ్చిన మనిషి కాదు

అల్లామా ఇక్బాల్ ఆ ఊరికి వచ్చింది 1907 ఎండాకాలంలో. సియాల్‌కోట్‌లో 1877లో పుట్టారు కాబట్టి అప్పటికి వయసు ముప్ఫై లోపే. లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో పాఠాలు చెబుతూ, 1905లో యూరప్ బయల్దేరారు. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో చదువు, లండన్‌లో బారిస్టరీ, దాంతో పాటు మ్యూనిక్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్. మూడు పడవల మీద కాళ్లు! థీసిస్ ఈరాన్‌లో ఫల్సఫా ఎలా ఎదిగిందన్న దాని మీద. అది అంగ్రేజీలోనే రాశారు. కానీ జర్మన్ యూనివర్సిటీ డిగ్రీ కావాలంటే జర్మన్ జబాన్ రావాలి. అందుకే హైడెల్‌బర్గ్‌లో కొన్ని నెలలు మకాం.

పెన్షన్ షేరర్ అనే బస. మన భాషలో చెప్పాలంటే భోజనంతో కూడిన హాస్టల్. విదేశీ విద్యార్థులకు అక్కడ జర్మన్ నేర్పేవాళ్లు ఇద్దరు యువతులు. ఒకరు ఎమ్మా వెగెనాస్ట్, ఇంకొకరు సెనెషాల్. ఆ ఆగస్టులో బొంబాయి ఫైజీ ఖాందాన్‌కు చెందిన అతియా ఫైజీ కూడా హైడెల్‌బర్గ్ వచ్చారు. నలభై ఏళ్ల తర్వాత, 1947లో, ఆ రోజుల గురించి ఆమె ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో కనిపించే ఇక్బాల్ మన గోడల మీద ఫోటోలో చెయ్యి గడ్డానికి ఆనించి ఆలోచించే ఇక్బాల్ కాదు. పడవ ఎక్కినవాడు, పాటకు గొంతు కలిపినవాడు, పిక్నిక్‌లకు వెళ్లినవాడు. లండన్‌లో మాటకు మాట విసిరే మనిషి ఇక్కడ తనకంటే చిన్న వయసు ఉస్తానీల ముందు అదబ్‌తో కూర్చుని తప్పులు దిద్దించుకున్నాడు.

నాకు ఈ ముక్క చాలా విలువైనదిగా అనిపిస్తుంది. మన ఇళ్లల్లో పెద్ద పేరున్న మనిషి అనగానే అన్నీ తెలిసే పుట్టాడని అనుకుంటాం. ఉర్దూలో అప్పటికే షాయర్‌గా మషూర్ అయిన మనిషి, 'సారే జహాఁ సే అచ్ఛా' 1904లోనే రాసేసిన మనిషి, మళ్లీ అలిఫ్ బే దగ్గర మొదలుపెట్టాడు. అదీ ఆడవాళ్ల దగ్గర. మన మహల్లాల్లో ఇప్పటికీ ఈ మాట గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

ఎమ్మా దగ్గర ఆయన గొయ్‌టేను చదివారు. నవంబర్ 4న మ్యూనిక్‌లో డాక్టరేట్ వచ్చింది. 1908లో హిందుస్తాన్ తిరిగొచ్చేశారు. ఎమ్మాకు జర్మన్‌లోనూ, అంగ్రేజీలోనూ ఖతులు రాస్తూనే ఉన్నారు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఇద్దరి దేశాలూ చెరో పక్షాన పడ్డాయి. అయినా 1930ల దాకా ఖతులు నడిచాయి. ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు. ఆ రిష్తాకు ఏం పేరు పెట్టాలో అని పరిశోధకులు చాలా కాగితం ఖర్చు చేశారు. నేను పేరు పెట్టను. ఉస్తానీ, షాగిర్ద్ అంటే చాలు.

ఎర్ర రాయి ఊరు

ఊరు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి కదా. రెండు పక్కలా అడవి కొండలు, మధ్యలో నది. ఒక కొండ మీద ఎర్ర ఇసుకరాయితో కట్టిన ఖిలా, సగం కూలి ఉంటుంది. 1689లోనూ, 1693లోనూ ఫ్రెంచ్ ఫౌజు దాన్ని పేల్చేసింది. మళ్లీ బాగు చేస్తుంటే 1764లో పిడుగు పడింది. ఇక చాలనుకున్నారో ఏమో, అలాగే వదిలేశారు. ఇప్పుడు దుకాణాల్లో అమ్మే కార్డుల నిండా ఆ శిథిలమే. మా గోల్కొండ గుర్తొచ్చి నాకు పెద్ద కొత్తగా అనిపించలేదు. కోట అడుగున రెండు లక్షల లీటర్లకు పైగా పట్టే షరాబ్ పీపా ఒకటుంది, 1751 నాటిది. ఇప్పుడు ఖాళీ. "చూడటం హరామ్ కాదుగా" అని బేగం నవ్వింది.

యూనివర్సిటీ 1386లో మొదలైంది. అంటే మన కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టడానికి రెండొందల ఏళ్ల ముందు. ఇప్పటి జర్మనీలో అదే అందరికన్నా పాతది. నది మీద పాత రాతి వంతెన 1788లో పూర్తయింది. అంతకు ముందున్న దాన్ని 1784లో మంచుగడ్డల వరద కొట్టుకుపోయింది. వంతెన దగ్గర రాయి మీద ఏ సంవత్సరం నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గీతలు చెక్కి పెట్టారు. మా అమ్మాయి ఎగిరి ఎగిరి అందుకోవాలని చూసింది, ఆ పెద్ద వరద గీత అందలేదు.

నదికి ఉత్తరపు ఒడ్డున నోయెన్‌హైమ్ అనే బస్తీ. అక్కడ ఒక ఇంటి గోడకు రాతి పలక ఉంది. 1907లో ఇక్బాల్ ఇక్కడ ఉన్నారని రాసి ఉంటుంది. కొంచెం దూరం నడిస్తే కొండ మీదికి 'ఫిలాసఫర్ల బాట' మొదలవుతుంది. నది వెంట పోయే రోడ్డులో ఒక భాగానికి 'ఇక్బాల్ ఊఫర్' అని పేరు పెట్టారు. ఊఫర్ అంటే ఒడ్డు. ఇక్బాల్ కినారా అనుకోండి. జర్మన్‌లోకి మార్చిన ఆ నజ్మ్‌ను రాతి మీద చెక్కించి కూడా పెట్టారు.

మే ఆఖర్లో అక్కడ మగ్రిబ్ రాత్రి తొమ్మిది దాటాక. ఒడ్డున గడ్డి మీద రుమాలు పరిచి నమాజ్ చేసుకున్నాను. తర్వాత ఫోన్‌లో ఆ నజ్మ్ తెరిచాను. ఏడంటే ఏడు షేర్లు. వెన్నెల మౌనం, చెట్ల కొమ్మలు మౌనం, లోయలో పాడే పిట్టలు మౌనం, పారే నది కూడా పారకుండా ఆగినట్టు మౌనం. చివర్లో షాయర్ తన దిల్‌తో, నువ్వూ నీ గమ్‌ను ఒళ్లో పెట్టుకుని పడుకో అంటాడు. అంతే. ఉమ్మత్ లేదు, ఖుదీ లేదు, షాహీన్ పక్షి లేదు. ఇంటికి దూరంగా ఉన్న ఒక యువకుడు, ఒక నది.

అబ్బా ఈ ఊరు చూడలేదు. హైదరాబాద్ దాటి ఆయన వెళ్లిన దూరం గుల్బర్గా ఉర్సు దాకా. నాలా పక్కన కూర్చుని ఆయన ఏ సుకూన్ తెచ్చుకునేవారో నాకు ఆ రాత్రి కొంచెం తెలిసింది.

రెండో వెన్నెల గోల్కొండలో

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. ఇక్బాల్ యూరప్ నుంచి తిరిగొచ్చిన 1908లోనే, సెప్టెంబర్ 28న, మన మూసీకి తుగ్యానీ వచ్చింది. పదిహేను వేల మంది పోయారని అంచనా. అఫ్జల్ గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని చెబుతారు. రుబాయీల బాద్‌షా అమ్జద్ హైదరాబాదీ తన అమ్మను, భార్యను, బిడ్డను కళ్ల ముందే నీళ్లకు ఇచ్చి, తానొక్కడే మిగిలాడు. ఆయన రుబాయీలలో ఉన్న ఆ తవక్కుల్, ఆ సబర్ ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కావాలంటే ఆ రాత్రి గురించి తెలియాలి.

ఆ గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, 1910 మార్చిలో, ఇక్బాల్ మొదటిసారి హైదరాబాద్ వచ్చారు. అక్బర్ హైదరీ ఇంటి మేజ్‌బానీ. తర్వాత రియాసత్‌కు ప్రధాని అయిన ఆ హైదరీయే. మహారాజా కిషన్ పర్షాద్‌తో ములాఖాత్ అయింది. కిషన్ పర్షాద్ కూడా షాయరే, తఖల్లుస్ 'షాద్'. హిందూ వజీర్, ఉర్దూ దీవాన్, సూఫీ మిజాజ్. ఇక్బాల్‌కూ ఆయనకూ నడిచిన ఖతులు తర్వాత పుస్తకంగా వచ్చాయి.

ఒక రాత్రి నజర్ అలీ హైదరీ ఇక్బాల్‌ను కుతుబ్ షాహీ గుంబద్‌ల దగ్గరికి తీసుకెళ్లారు. ఆకాశంలో మబ్బులు, వాటి సందుల్లోంచి జారే వెన్నెల. ఆ రాత్రి నుంచి పుట్టిందే 'గోరిస్తాన్-ఎ-షాహీ', అంటే రాజుల ఖబరిస్తాన్. అదీ 'బాంగ్-ఎ-దరా'లోనే ఉంది.

రెండు నజ్ములనూ పక్కపక్కన పెట్టి చదవండి. మూడేళ్ల తేడా. రెండింట్లోనూ చంద్రుడున్నాడు, రెండింట్లోనూ ఖామోషీ ఉంది. నెకర్ దగ్గర మౌనం చెట్లదీ నీళ్లదీ. గోల్కొండ దగ్గర మౌనం పోయిన సల్తనత్‌లది. నెకర్ ఒడ్డున షాయర్ తన ఒక్కడి గమ్ మోస్తున్నాడు. గోల్కొండలో ఖౌమ్ మొత్తం గమ్ భుజానికెత్తుకున్నాడు. ఏడు షేర్ల చిన్న నజ్మ్ నుంచి ఇంత పెద్ద మర్సియా లాంటి నజ్మ్ దాకా వచ్చిన ఆ దారిలో మన హైదరాబాద్ ఒక మజిలీ. అక్కణ్నుంచి తిరుగు ప్రయాణంలో ఆయన ఖుల్దాబాద్ ఆగి ఔరంగజేబ్ సమాధి కూడా చూసి వెళ్లారు.

మళ్లీ 1929 జనవరిలో వచ్చారు. మద్రాసులో ఇస్లామీ ఫిక్ర్ మీద ఇచ్చిన ఉపన్యాసాలు అప్పటికి మషూర్. బెంగళూరు, మైసూరు, శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మజార్ చూసుకుని హైదరాబాద్ చేరారు. అప్పటికి మూసీ మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టేసి ఉన్నాయి. ఉస్మానియాలో ఉర్దూలో పై చదువులు నడుస్తున్నాయి. అంతకు ముందు ఏడాదే, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి మొదలుపెట్టారు. ఇప్పుడు నారాయణగూడలో ఉన్న ఆ బడి ముందు నుంచి నేను వారానికి నాలుగుసార్లు నడుస్తాను. ఒకే ఊళ్లో, ఒకే రెండేళ్లలో, ఉర్దూలో లెక్చర్ వినడానికి ఒక గుంపు, తెలుగులో అ ఆ దిద్దడానికి ఇంకొక గుంపు. నేను ఆ రెండు గుంపులకూ వారసుణ్ని. బడి ఉర్దూలో, డిగ్రీ తెలుగులో. గాలిబ్‌ను నాకు మళ్లీ పరిచయం చేసింది దాశరథిగారి 'గాలిబ్ గీతాలు'. సినారె చదువుకున్నది ఉర్దూ మాధ్యమంలో. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మెట్ల మీద నిలబడి ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఎవరి ఇక్బాల్?

ఇక అసలు సంగతి. హైడెల్‌బర్గ్ పలక మీద ఇక్బాల్‌ను పాకిస్తాన్ భావానికి పితామహుడని రాశారు. చదవగానే నా గుండెలో చిన్న ముల్లు. ఆయన ఆ ఇంట్లో ఉన్న 1907 నాటికి ఆ పేరుతో దేశం ఎవరి ఊహలోనూ లేదు. ఆ గదిలో ఉన్న మనిషి హిందుస్తాన్ నుంచి వచ్చిన విద్యార్థి.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక దఫ్తర్‌లో ఆదివారం పేజీకి ఇక్బాల్ హైదరాబాద్ ప్రయాణం గురించి వ్యాసం ఇచ్చాను. పై ఆయన చదివి, మంచి మనిషే, "బాగుంది, కానీ ఈ పేరు ఎందుకు భాయ్? నీకే ఇబ్బంది" అన్నాడు. వ్యాసం రాలేదు. నేనూ గట్టిగా అడగలేదు. అడగలేదన్నదే ఇప్పటికీ నన్ను కుట్టేది. ఆయన చెప్పింది నా మంచికే. కానీ ఒక షాయర్ పేరు ఎత్తితే ఇబ్బంది నాకే ఎందుకు అవ్వాలి అని నేను అడగాల్సింది. 2023లో ఢిల్లీ యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్ పాఠ్యక్రమం నుంచి ఇక్బాల్‌ను తీసేయాలని తీర్మానించినప్పుడు ఆ పాత మాట మళ్లీ చెవిలో మోగింది.

నిజం దాచాల్సిన పని లేదు. 1930లో అలహాబాద్‌లో, ముస్లిం లీగ్ సదర్ హోదాలో, వాయవ్య ప్రాంతాలను కలిపి ఒక ముస్లిం రాజ్యం కావాలని ఇక్బాల్ అన్నారు. ఆయన 1938లోనే పోయారు. తక్సీం చూడలేదు. ఆ మాటతో మనకు ఇఖ్తిలాఫ్ ఉండొచ్చు, నాకుంది. దక్కన్‌లో, తెలుగు నేల మీద, పక్కింటి పెద్దమ్మ బతుకమ్మకు పూలు కోసిచ్చి పెరిగినవాణ్ని, ఆ నక్షా నాది కాదు. కానీ ఒక మనిషి చెప్పిన ఒక మాటతో విభేదించడం వేరు, ఆ మనిషిని మొత్తంగా తారీఖ్ నుంచి తుడిచేయడం వేరు. మనం కూడా ఇంకో తప్పు చేస్తున్నాం. ఆయన్ను ఖవ్వాలీలకూ, ఆగస్టు 15న స్టేజీ మీద ఒక్క పాటకూ కుదించేశాం. చదవడం మానేశాం.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతే అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లలు తెల్లారకముందే వచ్చి కుర్చీలు పట్టుకుంటారు. గ్రూప్-2 కోసం నోట్స్ రాసుకుంటున్న నల్గొండ అబ్బాయి ఒకడు నా చేతిలో ఉర్దూ పుస్తకం చూసి అడిగాడు: "సర్, ఇక్బాల్ అంటే సారే జహాసే అచ్ఛా, అంతేనా? ఒక్క మార్కు." ఇంకా ఉంది బాబూ అని మొదలుపెట్టి అరగంట చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. చివర్లో "ఇదంతా సిలబస్‌లో లేదు కదా సర్" అన్నాడు. వాడి తప్పేముంది?

హైడెల్‌బర్గ్‌ను జన్నత్ చేసి చూపించాలని నాకు లేదు. ఆ ఊరి యూనివర్సిటీ చౌక్‌లోనే 1933 మే నెలలో నాజీ విద్యార్థులు పుస్తకాలు కాల్చారు. 1938 నవంబర్‌లో యూదుల ఇబాదత్‌గాహ్ తగలబెట్టారు. 1940 అక్టోబర్‌లో ఆ ఊరి యూదులను రైళ్లెక్కించి ఫ్రాన్స్‌లోని గుర్స్ క్యాంపుకు తోలారు. ఇప్పుడు ఆ ఇళ్ల గుమ్మాల ముందు, కాలిబాటలో, అరచేయంత ఇత్తడి పలకలు పాతి ఉన్నాయి. ఇక్కడ ఫలానా వారు ఉండేవారు, ఫలానా ఏడు తీసుకెళ్లారు అని. వంగితే గానీ చదవలేం. పరాయి షాయర్ పేరు ఒడ్డుకు పెట్టుకున్న ఊరే తన సొంత గునాహ్‌ను కూడా కాళ్ల దగ్గర రాసి పెట్టుకుంది. నన్ను కదిలించింది అది. ఫక్ర్ ఒక్కటే రాసుకుంటే అది తారీఖ్ అవ్వదు.

మాన్‌హైమ్ దగ్గర నెకర్ రైన్ నదిలో కలుస్తుంది. రైన్ దిగువకు పోతే బాన్ వస్తుంది. నెకర్ నీళ్లు బాన్ మీదుగానే సముద్రానికి పోతాయి. 1908లో, ఆ తుగ్యానీ ఏడాదే, మన హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా బాన్ యూనివర్సిటీలోనే ఇస్లామీ అంతర్జాతీయ ఖానూన్ మీద డాక్టరేట్ చేశారు. తర్వాత పారిస్‌లో ఇంకొకటి. ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1948లో హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితి పని మీద బయటికి వెళ్లినవారు మళ్లీ ఈ గడప తొక్కలేదు. ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోకుండా పారిస్‌లో చిన్న గదిలో దశాబ్దాలు గడిపారు. ఖురాన్‌ను ఫ్రెంచ్‌లోకి తెచ్చారు. 2002లో అమెరికాలో ఇంతెఖాల్ అయ్యారు. ఇలాంటి మనిషి పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? హైడెల్‌బర్గ్ నెలల పాటు ఉన్న ముసాఫిర్‌ను గుర్తుంచుకుంది. మనం పుట్టిన బిడ్డను మరిచిపోయాం.

మా ఒడ్డు

2000 ఆగస్టు 24. హైదరాబాద్‌లో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టిన హుస్సేన్ సాగర్ నిండి, నాలా పొంగి, అశోక్ నగర్, దోమలగూడ, హిమాయత్‌నగర్ గల్లీలు మునిగాయి. మా ఇంట్లో నడుం దాకా నీళ్లు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. అమ్మీని, చెల్లిని పైవాటా కోమటి మామ్మగారింటికి ఎక్కించాం. ఆమె రెండు రోజులు మా అందరికీ అన్నం వండి పెట్టింది, అమ్మీకి నమాజ్ కోసం దేవుడి గది పక్కన చాప పరిచింది. అబ్బా మాత్రం నీళ్లలో నిలబడి తన కలాల పెట్టె, పుస్తకాలు పైకి అందిస్తున్నారు. ఖురాన్ మొదట అందించారు. కలాలు అందాయి. 'బాంగ్-ఎ-దరా' అందలేదు.

మూడో రోజు బురదలో దొరికింది. పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయింది. అబ్బా దాన్ని ఎండలో పెట్టారు, విడదీయాలని చూశారు, కుదరలేదు. తర్వాత ఒక తెల్ల కాగితం తీసి, కలం చెక్కి, జ్ఞాపకం నుంచి ఆ ఏడు షేర్లు రాశారు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆయన లేరు.

నాలాకు ఇప్పుడు గోడలు లేచాయి. కొన్నిచోట్ల అది ఉందని కూడా తెలియదు, వాన పడితే తప్ప. 2020 అక్టోబర్‌లో ఊరు మళ్లీ మునిగింది. మా గల్లీ గోడల మీద 2000 నాటి నీటి మరక ఉండేది. తర్వాత సున్నం వేశారు. ఎవరూ గీత గీయలేదు. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో రాసి పెట్టుకోని ఊరు మళ్లీ మళ్లీ అక్కడే ఇల్లు కడుతుంది. తారీఖ్‌కు కూడా ఇదే ఉసూల్ అని నాకనిపిస్తుంది.

మా అమ్మాయికి ఉర్దూ మాట వచ్చు, రాత రాదు. తప్పు నాదే. నెకర్ ఒడ్డున తను అడిగింది: "అబ్బూ, దాదా అబ్బా రాసిన కాగితంలో ఉన్న నది ఇదేనా? మరి నాకు చదవడం రాదుగా." ఆ రాత్రి బసకు వెళ్లాక ఆ ఏడు షేర్లూ తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. ఒక్కో మాటకూ పక్కన తెలుగు అర్థం. తను చదువుతుంటే తలఫ్ఫుజ్ అక్కడక్కడా తడబడింది. 'ఖాఫ్' పలకలేదు. దిద్దాను. మళ్లీ చదివింది.

తిరిగొచ్చాక అమ్మీ అడిగింది: "క్యా దేఖే రే వాఁ?" ఏం చూశావురా అక్కడ అని. ఫోటోలు చూపించాను. నది, వంతెన, ఖిలా. ఆమె కళ్లు పలక ఫోటో దగ్గర ఆగాయి. "తుమ్హారే అబ్బా ఉధర్ గయేచ్ నై, ఫిర్‌భీ రోజ్ జాతే థే" అంది. మీ అబ్బా అటు వెళ్లనే లేదు, అయినా రోజూ వెళ్లేవారు అని.

ఇప్పుడు ఆదివారాలు మా అమ్మాయికి అలిఫ్ బే మొదలుపెట్టించాను. ఉస్తానీ ఎవరో కాదు, మా అమ్మీయే. అబ్బా కాగితాన్ని తను సొంతంగా చదివే రోజు కోసం చూస్తున్నాను. మీ ఇళ్లల్లో కూడా తాతల చేతిరాత కాగితాలు ఏవైనా ఉంటే, వరద రాకముందే, పిల్లల చేత ఒక్కసారి చదివించండి. చదవలేకపోతే తెలుగులో రాసివ్వండి, పర్లేదు. రాతకు లిపి తర్వాత, ముందు యాది.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.